తెరమీద ప్రతిపదార్థం

1

తెలుగు పద్యం చెప్పే ప్రతి బడిపంతులు నోటా రెండు మాటలు నలుగుతూ ఉంటాయి. ఒకటి ప్రతిపదార్థం, రెండోది తాత్పర్యం. పద్యంలోని మాటల్ని విడదీసి ఒక్కొక్కదానికీ అర్థం చెప్పడం ప్రతిపదార్థం. పద్యం మొత్తంమీద ఏమంటున్నదో మన మాటల్లో చెప్పడం తాత్పర్యం. పరీక్షల కోసం పిల్లలు తాత్పర్యాన్ని బట్టీపడతారు. అది ఆ పద్యం వరకే పనికొస్తుంది. మరో పద్యం ముందు పెడితే నోరు పెగలదు. ప్రతిపదార్థం అలవాటైన పిల్ల మాత్రం కొత్త పద్యాన్ని తడుముకుంటూనైనా తనంతట తాను విప్పుకుంటుంది. అంటే తాత్పర్యం చదువరిని చెప్పేవాడి మీద ఆధారపడేలా చేస్తుంది. ప్రతిపదార్థం ఆ ఆధారాన్ని క్రమంగా అక్కరలేకుండా చేస్తుంది.

పరాయి భాషా చిత్రాల్లో తెర అడుగున నడిచే అక్షరాల గురించి, అంటే సబ్‌టైటిల్స్ గురించి, నేను ఈ రెండు మాటల వెలుగులోనే మాట్లాడదలచుకున్నాను. మనకు అలవాటైన సబ్‌టైటిల్ తాత్పర్యం. పాత్ర పది మాటలు మాట్లాడితే నాలుగు మాటల్లో సారాంశం చెప్పి వెళ్ళిపోతుంది. కథ అర్థమవుతుంది, భాష అర్థం కాదు. దీనికి భిన్నమైనది మరొకటి ఉంది. తెరమీద పాత్ర పలికిన మాటలు పలికిన వరుసలోనే అక్షరాల్లో కనబడతాయి. వాటి కింద, ఒక్కొక్క మాటకూ సరిగ్గా అడుగున, చూసేవాడి భాషలో అర్థం ఉంటుంది. చెవి పరాయి మాట వింటుంది, కన్ను దాని రూపాన్ని చూస్తుంది, దాని కిందనే సొంత మాట పలకరిస్తుంది. సినిమా చూస్తూ భాష నేర్చుకోవడానికి ఈ పద్ధతిని వాడుకుంటున్నవాళ్ళు ఇవాళ అనేక దేశాల్లో ఉన్నారు.

దీన్ని కంప్యూటర్ యుగం తెచ్చిన కొత్త వింతగా చెప్పుకోవడం పరిపాటి అయింది. అది నిజం కాదు. తెర కొత్తది కావచ్చు, యంత్రం కొత్తది కావచ్చు. పరాయి భాషా వాక్యం కింద సొంత మాట రాసుకోవడం మాత్రం వెయ్యేళ్ళ నాటిది. అంతకన్నా ముఖ్యంగా, ఆ రెండు వరుసల మధ్య ఖాళీలో ఎవరు రాయవచ్చు, ఎవరి భాష రాయవచ్చు అనేది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నగానే ఉంటూ వచ్చింది.

2

ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠంలో ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో లాటిన్ సువార్తల ప్రతి ఒకటి తయారయింది. చిత్రలిపి, అపురూపమైన చేతిపని. రెండున్నర శతాబ్దాలు గడిచాక, పదో శతాబ్దంలో, ఆల్డ్రెడ్ అనే మతగురువు ఆ పుస్తకం తెరిచి లాటిన్ వరుసల మధ్య సన్నని అక్షరాలతో ఒక్కొక్క మాట పైన తన నాటి ఇంగ్లీషు మాట రాసుకుంటూ పోయాడు. వ్యాకరణానికి అది వాక్యం కాదు. లాటిన్ మాటల వరుసనే ఇంగ్లీషు మాటలు అనుసరించాయి. కానీ ఇంగ్లీషులో నిలిచిన సువార్తల అనువాదాల్లో అన్నిటికన్నా పాతది అదే. ప్రపంచాన్నంతా ఏలిన భాష ఒకనాడు మరో భాష వరుసల సందులో ఇరుక్కుని రాయబడిన భాష అన్నమాట.

స్పెయిన్‌లోని సాన్ మియాన్ మఠంలో ఇంకో లాటిన్ పుస్తకం ఉండేది. అందులో పది, పదకొండు శతాబ్దాల కాలంలో ఎవరో వరుసల మధ్యా అంచుల్లోనూ కష్టమైన మాటలకు అర్థాలు రాసుకున్నారు. ఆ అర్థాలు అక్కడి జనం మాట్లాడే భాషలో ఉన్నాయి. కొన్ని బాస్క్ భాషలో కూడా ఉన్నాయి. స్పెయిన్ ప్రజల భాషల తొలి లిఖిత ఆనవాళ్ళు వెతుక్కునే పండితులు చాలాకాలం ఈ అర్థాల దగ్గరికే వచ్చి ఆగారు. రాజుల శాసనాల్లోనూ ప్రార్థనల్లోనూ చోటు దొరకని భాష వరుసల మధ్య సందులో పుట్టింది.

మన సంగతి చూద్దాం. సంస్కృత కావ్యాలకు తెలుగు టీకలు రాసే సంప్రదాయం మనకు గట్టిగా ఉంది. అమరకోశానికి ‘గురుబాలప్రబోధిక’ అనే తెలుగు టీక తరతరాల విద్యార్థులకు చేతికర్ర అయింది. ముందు అన్వయం, తర్వాత ప్రతిపదార్థం, చివరకు తాత్పర్యం. ఈ క్రమం ఎంత శాస్త్రీయమో చెప్పనక్కరలేదు. అయితే ఆ టీక ఎవరి చేతికి అందింది? వీధి అరుగుమీద కూర్చోగలిగిన కులాల పిల్లలకే. అరుగెక్కనివ్వని పిల్లలకు టీక కూడా మూలమంత దూరంలోనే ఉండిపోయింది. పద్ధతి మంచిదైనంత మాత్రాన అది ప్రజాస్వామికం అయిపోదు.

తమాషా ఏమంటే, మన టీక సంప్రదాయం విలువను అచ్చులోకి పెద్దఎత్తున తెచ్చినవాడు ఒక పరాయి భాష నేర్చుకోవలసి వచ్చిన మనిషి. 1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగం కోసం తెలుగు నేర్చాడు. తర్వాత పండితులను కూర్చోబెట్టి మూలాలు పరిష్కరింపజేశాడు, టీకలు రాయించాడు. జూలూరి అప్పయ్య పండితుడి చేత రాయించిన టీకలతో వసుచరిత్ర, మనుచరిత్ర అచ్చయ్యాయి. పాలనావసరాలు ఆయన వెనక ఉన్నాయన్నది నిజమే. కానీ పరాయి భాష నేర్చేవాడికి ఏం కావాలో తెలిసిన మనిషి కనకనే ఆయన తాత్పర్యంతో తృప్తిపడలేదు.

3

ఐరోపాలో ఈ పద్ధతిని బడిలోకి తేవాలన్న ఆలోచన పదిహేడో శతాబ్దపు చివరికే కనిపిస్తుంది. జాన్ లాక్ 1693లో విద్య గురించి రాసిన పుస్తకంలో పిల్లలకు లాటిన్ వ్యాకరణ సూత్రాలు బాదడానికి బదులు, తేలికైన కథల పుస్తకం తీసుకుని వరుస కింద వరుసగా ఇంగ్లీషు రాసి చదివించమన్నాడు. 1703లో ఈసపు కథలు అలా అచ్చయ్యాయి కూడా.

దీన్ని వీధిలోకి తెచ్చినవాడు జేమ్స్ హామిల్టన్ అనే వ్యాపారి. 1798లో హాంబర్గ్‌లో ఉన్నప్పుడు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక ప్రవాసి దగ్గర వ్యాకరణం ఊసు లేకుండా కథల పుస్తకాన్ని మాటకు మాటగా అర్థం చెప్పించుకుంటూ జర్మన్ నేర్చాడు. వ్యాపారం దెబ్బతిన్నాక అమెరికాలోనూ, 1823 నుంచి ఇంగ్లండులోనూ ఆ పద్ధతినే పాఠాలుగా చెప్పాడు. వరుసల మధ్య అర్థంతో పుస్తకాలు అచ్చువేశాడు. లండన్‌లో పేద పిల్లలు పదిమందిని తీసుకుని కొద్ది నెలల్లో భాషలు నేర్పి చూపించాడు. లాటిన్ చదువు పెద్ద కుటుంబాల సొత్తుగా ఉన్న కాలంలో బడిపంతుళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. 1826లో ‘ఎడింబరో రివ్యూ’లో సిడ్నీ స్మిత్ ఆయన పక్షాన నిలబడి రాశాడు. పంతుళ్ళ కోపానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఏడెనిమిదేళ్ళు బెత్తంతో నేర్పే చదువు కొద్ది నెలల్లో వస్తుందంటే బెత్తం ఎందుకనే ప్రశ్న పుడుతుంది.

హామిల్టన్‌ది పద్ధతి. దానికి తాత్వికమైన పునాది వేసినవాడు జోసెఫ్ జకొతో. 1770లో డిజోన్‌లో పుట్టాడు. ఫ్రెంచి విప్లవ సైన్యంలో పనిచేశాడు. రాజులు తిరిగి గద్దెనెక్కాక దేశం వదిలి, 1818లో లువెన్ విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆయనకు అక్కడి ఫ్లెమిష్ భాష రాదు. విద్యార్థుల్లో చాలామందికి ఫ్రెంచి రాదు. మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. ‘తెలెమాక్’ అనే ఫ్రెంచి నవల రెండు భాషల్లో పక్కపక్కన అచ్చయిన ప్రతి అప్పుడే బ్రస్సెల్స్‌లో వెలువడింది. దాన్ని పిల్లలకిచ్చి, అనువాదం సాయంతో ఫ్రెంచి పాఠాన్ని నేర్చుకోమనీ, నేర్చినదాన్ని మళ్ళీ మళ్ళీ వల్లించమనీ దుబాసీ ద్వారా చెప్పించాడు. తర్వాత చదివినదాని గురించి ఏమనుకుంటున్నారో ఫ్రెంచిలోనే రాయమన్నాడు. తప్పులతడకలు వస్తాయనుకున్నాడు. వాళ్ళు చక్కగా రాశారు. ఆయన వాళ్ళకు ఒక్క వ్యాకరణ సూత్రం కూడా వివరించలేదు.

జకొతో దీన్నుంచి తీసిన నిర్ధారణ విప్లవకారుడు తీయవలసినదే. మనుషుల తెలివి సమానం. వివరించేవాడు లేకపోతే నీకు అర్థం కాదని పదేపదే చెప్పడం ద్వారానే బడి పిల్లవాణ్ణి తెలివితక్కువవాడిగా తయారుచేస్తుంది. చేతిలో మూలమూ, పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారమూ ఉంటే మనిషి తల్లిభాష నేర్చినట్టే మరో భాష నేర్చుకుంటాడు. 1987లో ఫ్రెంచి తత్వవేత్త జాక్ రాన్సియేర్ ఈ కథను తన పుస్తకంలో మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు.

బడిపంతులుగా నాకు ఈ వాదంతో పూర్తిగా పేచీ లేకపోలేదు. ఆకలితో బడికొచ్చే పిల్లకూ, ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్న పిల్లకూ తెలివి సమానం కావచ్చు గానీ తీరిక సమానం కాదు. అయినా జకొతో చెప్పినదాంట్లో ఒక మాట ఎప్పటికీ నిలుస్తుంది. భాషకూ నేర్చేవాడికీ మధ్య శాశ్వతంగా దళారీ ఉండవలసిన పని లేదు.

4

ఇప్పుడు తెర దగ్గరికి వద్దాం. మూకీల కాలంలో సినిమాకు భాషా సమస్య లేదు. బొమ్మల మధ్య వచ్చే అక్షరాల పలకను మార్చేస్తే అదే చిత్రం ఏ దేశంలోనైనా ఆడేది. 1927లో ‘ది జాజ్ సింగర్’తో తెర నోరు విప్పింది. దాంతోపాటే పరాయిదయింది. అదే చిత్రం 1929 జనవరిలో పారిస్‌లో ఆడినప్పుడు అడుగున ఫ్రెంచి అక్షరాలు కనిపించాయి. అదే ఏడాది ఆగస్టులో కోపెన్‌హేగన్‌లో ‘ది సింగింగ్ ఫూల్’ డేనిష్ అక్షరాలతో ఆడింది.

ఆనాడు దేశాల ముందు రెండు దారులున్నాయి. పరాయి గొంతును ఉండనిచ్చి అడుగున తమ భాష రాసుకోవడం ఒకటి. పరాయి గొంతును తీసేసి తమ గొంతు అతికించడం రెండోది, అంటే డబ్బింగ్. డెన్మార్క్, స్వీడన్, నార్వే, హాలెండ్ వంటి చిన్న దేశాలు మొదటి దారి పట్టాయి. చిన్న జనాభాకు డబ్బింగ్ ఖర్చు గిట్టుబాటు కాకపోవడం దానికి ప్రధాన కారణం. రెండో దారి పట్టిన పెద్ద దేశాల్లో మార్కెట్టే కాక రాజ్యం కూడా చెయ్యి వేసింది.

ముసోలినీ ప్రభుత్వం 1930 అక్టోబరులో ఇటలీ తెరమీద పరాయి భాషలో మాట వినిపించకూడదని నిషేధించింది. డబ్బింగ్ ఏర్పాట్లు కుదిరేదాకా మాట్లాడే చిత్రాల నోరు నొక్కి, మాటలున్న చోటల్లా అక్షరాల పలకలు పెట్టి ఆడించారు. స్పెయిన్‌లో ఫ్రాంకో ప్రభుత్వం 1941 ఏప్రిల్‌లో డబ్బింగ్‌ను తప్పనిసరి చేసింది. 1946 చివర ఆ నిర్బంధం తొలగినా అలవాటు పోలేదు. జాతీయ భాష పవిత్రత పేరుతో జరిగిన ఈ పని అసలు ప్రయోజనమేమిటో ‘కాసాబ్లాంకా’ చిత్రానికి పట్టిన గతి చూస్తే తెలుస్తుంది. అందులో నాయకుడు రిక్ ఒకప్పుడు స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్రజాతంత్రవాదుల పక్షాన పోరాడినవాడు. స్పానిష్ డబ్బింగ్‌లో ఆ సంగతి మాయమైంది. పశ్చిమ జర్మనీలో 1952లో విడుదలైన డబ్బింగ్ ప్రతిలో ఏకంగా నాజీలే మాయమయ్యారు. నాజీల నుంచి పారిపోతున్న ప్రతిఘటన నాయకుడు ఒక నార్వే శాస్త్రవేత్తగా మారిపోయాడు! గొంతు మార్చే హక్కు చేతికొస్తే చరిత్రను మార్చడం ఎంత సులభమో చూడండి.

సబ్‌టైటిల్ కూడా అబద్ధం చెప్పవచ్చు. కానీ అసలు గొంతు వినపడుతూనే ఉంటుంది. వినేవాడికి నాలుగు మాటలు తెలిసిన రోజున అబద్ధం బయటపడుతుంది. చాప్లిన్ 1940లో తీసిన ‘ది గ్రేట్ డిక్టేటర్’లో ఈ సంగతిని నవ్వుతూ చూపించాడు. నియంత యూదుల మీద అర్థంలేని భాషలో నిప్పులు కక్కుతాడు, గొంతు చించుకుంటాడు, దగ్గుతాడు. దుబాసీ దాన్నంతా ఒక పొడి వాక్యంలో మర్యాదగా తేల్చేస్తాడు. తాత్పర్యం ఎవరి సేవ చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా గొప్ప దృశ్యం నాకు తెలియదు.

అలాగని సబ్‌టైటిల్ దానంతటది ప్రగతిశీలమని అనుకోవడానికీ లేదు. పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వం 1948 ఫిబ్రవరిలో చేసిన చట్టం డబ్బింగ్‌ను నిషేధించింది. దేశీయ సినిమాను కాపాడుకోవడం దాని లక్ష్యం. చదువు రాని జనం అధికంగా ఉన్న దేశంలో సబ్‌టైటిల్ అంటే వాళ్ళకు మూసిన తలుపే. అక్షరం రానివాడికి ప్రతిపదార్థమూ లేదు, తాత్పర్యమూ లేదు. కాబట్టి భాష గురించి మాట్లాడేటప్పుడు ముందుగా అక్షరాస్యత గురించి మాట్లాడక తప్పదు.

మన దేశంలో ఈ సంగతిని పట్టించుకున్న ప్రయత్నం ఒకటుంది. అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లో 1996లో మొదలైన ఆలోచన ఫలితంగా 1999లో గుజరాతీ దూరదర్శన్‌లోనూ, 2002 నుంచి జాతీయ కార్యక్రమం చిత్రహార్‌లోనూ సినిమా పాటల కింద ఆ పాట మాటల్నే అదే భాషలో చూపించారు. నోటికి వచ్చిన పాటే కంటికి అక్షరంగా కనపడుతుంది. అరకొరగా చదవడం వచ్చి మరచిపోతున్నవాళ్ళకు అక్షరం మళ్ళీ దగ్గరవుతుందన్నదే ఆ ఆలోచన. ఇది కూడా ప్రతిపదార్థ సూత్రమే. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని పెట్టడం.

5

తెర అడుగు అక్షరాలు నిజంగా భాష నేర్పుతాయా? జకొతో పాఠాలు చెప్పిన లువెన్ పట్టణంలోనే, 1980ల నుంచి, గెరీ ద్యుదెవాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రేక్షకుల కళ్ళ కదలికల్ని కొలిచింది. తెరమీద అక్షరం కనపడితే మనిషి చదవకుండా ఉండలేడని వాళ్ళు తేల్చారు. సబ్‌టైటిల్స్ అలవాటు లేని అమెరికన్లు కూడా, తమ భాషా చిత్రమే చూస్తూ, అవసరం లేకపోయినా అడుగున ఉన్న అక్షరాల్ని చదివారు. పిల్లల మీద జరిపిన ప్రయోగాల్లో పరాయి భాషా కార్యక్రమాలు చూసినవాళ్ళు కొన్ని మాటలు నేర్చుకున్నారు. నేర్చుకున్నది నిజమే గానీ కొంచెమే. మాటలు వచ్చినంతగా వాక్య నిర్మాణం రాలేదు.

ఎందుకు రాదు? తాత్పర్యం మాత్రమే ఇస్తే కన్ను దాన్ని చదివి సరిపెట్టుకుంటుంది, చెవి నిద్రపోతుంది. ఏ మాటకు ఏ మాట అర్థమో జతచేసే పని ఎవరూ చేయరు. ఆ జతచేసే పనే ప్రతిపదార్థం చేస్తుంది.

ఒక చిత్రం పేరు తీసుకుందాం. డి సికా 1948లో తీసిన చిత్రం మన విమర్శకులకు బాగా తెలిసినదే. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసుతో సహా మరికొన్ని నగరాలకు వచ్చినప్పుడు మనవాళ్ళు దాన్ని చూసి చలించిపోయారు. అమెరికాలో దాని పేరు ‘ది బైసికిల్ థీఫ్’, అంటే సైకిలు దొంగ. ఒక్కడు. అసలు ఇటాలియన్ పేరు కింద ప్రతిపదార్థం రాసి చూడండి.

లాద్రి — ది — బిచిక్లెత్తె
దొంగలు — యొక్క — సైకిళ్ళు

దొంగలు బహువచనం. సైకిళ్ళూ బహువచనమే. గోడలకు పోస్టర్లు అంటించే పని దొరికిన రిచ్చి సైకిలు పోగొట్టుకుంటాడు. రోమ్ అంతా వెతికి వేసారి చివరకు తానే ఒక సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్ళముందే పట్టుబడతాడు. దొంగ ఒక్కడు కాదు. నిరుద్యోగం దొంగల్ని తయారుచేస్తుంది. కథ గుండెకాయ ఆ బహువచనంలో ఉంది. అమెరికన్ పేరు దాన్ని ఒక నేరస్థుడి వేటగా కుదించింది. ఇటాలియన్ రానివాడికి కూడా రెండు వరుసలు కలిపి చూస్తే ఈ సంగతి అర నిమిషంలో తెలుస్తుంది. ఇలాంటిది తెలియడమే భాష నేర్చుకోవడం. ఇలాంటిది తెలియడమే విమర్శ కూడా.

మరొకటి చూడండి. సినిమా నచ్చుతుందని చెప్పడానికి స్పానిష్‌లో వాడే వాక్యం ఇది:

మే — గుస్తా — ఎల్ — సినే
నాకు — నచ్చుతుంది — (ఆ) — సినిమా

ఇంగ్లీషువాడు ‘నేను’ అని మొదలుపెడతాడు. నచ్చడాన్ని తాను చేసే పనిగా చెబుతాడు. స్పెయిన్‌వాడూ తెలుగువాడూ ‘నాకు’ అంటారు. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చేవాడికి వింతగా తోచే వాక్యం తెలుగువాడికి ఇంటి మాటలా ఉంటుంది. కానీ మన దాకా వచ్చే ప్రపంచ సినిమాకు దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు సబ్‌టైటిలే. రష్యన్ చిత్రమైనా, ఇరాన్ చిత్రమైనా, లాటిన్ అమెరికా చిత్రమైనా ఇంగ్లీషు గుమ్మంలోంచే లోపలికి రావాలి. ఇంగ్లీషు రానివాడికి ప్రవేశం లేదు. ఇంగ్లీషు వచ్చినవాడు కూడా ఇంకొకడి కళ్ళజోడు పెట్టుకునే చూస్తున్నాడు. ఫిల్మ్ సొసైటీ ఉద్యమం మన పట్టణాల్లో చదువుకున్న మధ్యతరగతి దాటి ఎందుకు వెళ్ళలేకపోయిందో ఆలోచించేవాళ్ళు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు ప్రేక్షకుడికి పరభాషా చిత్రం ఎక్కువగా డబ్బింగ్ రూపంలోనే అందింది. 1950లో ‘ఆహుతి’ అనే హిందీ డబ్బింగ్ చిత్రానికి మాటలూ పాటలూ రాసినవాడు శ్రీశ్రీయే. పెదవుల కదలికకు సరిపోయేట్టు తెలుగు మాటను కూర్చడంలో ఉన్న శ్రమనీ నేర్పునీ నేను తక్కువ చేయను. అక్షరం రాని కోట్లమందికి డబ్బింగ్ కథను అందించింది. కానీ డెబ్బై ఏళ్ళకు పైగా తమిళ, హిందీ చిత్రాలు తెలుగులో చూసిన జనానికి తమిళం, హిందీ నేర్చుకునే ఒక్క అవకాశం కూడా ఆ చిత్రాలు ఇవ్వలేదు.

6

ఇరవై ఒకటో శతాబ్దంలో ఈ పద్ధతి ప్రజల చేతికి వచ్చిన తీరు గమనించదగ్గది. చైనాలో 2000 దశకం నుంచి విద్యార్థులూ యువకులూ గుంపులుగా ఏర్పడి, జీతం లేకుండా, విదేశీ చిత్రాలకూ సీరియళ్ళకూ చైనీసు అక్షరాలు రాశారు. చాలావాటికి చైనీసు వరుస, దాని కింద ఇంగ్లీషు వరుస, రెండూ పెట్టారు. బడిలో ఇంగ్లీషు చదివీ మాట్లాడలేని ఎందరో యువకులు ఆ రెండు వరుసల మధ్య ఇంగ్లీషు పట్టుకున్నారు. వాటిలో అన్నిటికన్నా పేరుపొందిన ‘రెన్‌రెన్ యింగ్‌షి’ని 2021 ఫిబ్రవరిలో షాంఘై పోలీసులు మూయించారు. పద్నాలుగు మందిని అరెస్టు చేశారు. అదే ఏడాది నవంబరులో దాన్ని నడిపినవాడికి మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. నేరం కాపీహక్కుల ఉల్లంఘన. ప్రకటనల ద్వారా అది డబ్బు సంపాదించిన మాట నిజమే. కానీ రాత్రుళ్ళు కూర్చుని అక్షరాలు రాసిన వేలమందికి అందులో లాభం లేదు. నేర్చుకున్నదాన్ని పంచాలనే కోరిక తప్ప.

ఇప్పుడు పెద్ద కంపెనీల చిత్రాలకు రెండు భాషల వరుసలు చూపించే, మాట మీద వేలు పెడితే అర్థం చెప్పే సాధనాలు వచ్చాయి. మఠంలో ఆల్డ్రెడ్ చేసిన పనిని యంత్రం క్షణంలో చేస్తుంది. మంచిదే. కానీ చిత్రం కంపెనీది, సాధనం కంపెనీది, నెలనెలా చందా కట్టగలిగినవాడిదే చదువు. పైగా ఏ భాషకు ఏ భాషలో అర్థం ఇవ్వాలో నిర్ణయించేది మార్కెట్టే. తెలుగు మాట చివరి వరుసలో నిలబడి ఉంటుంది.

7

చివరగా మన బడుల మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రాథమిక తరగతుల నుంచే ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. ఈ వాదంలో పేద పిల్లలకు ఇంగ్లీషు కావాలనేవాళ్ళ ఆరాటం న్యాయమైనది. దళిత బహుజన కుటుంబాలు ఆ భాషను అడగడం వెనక తరతరాలుగా అరుగెక్కనివ్వని చరిత్ర ఉంది. తెలుగు పోతుందనేవాళ్ళ భయమూ ఉత్తదేమీ కాదు. ఇద్దరూ ఒక ప్రశ్న వదిలేస్తున్నారని నా అభిప్రాయం. ఇంగ్లీషు పాఠం వరుస కింద తెలుగు మాట రాసుకునే హక్కు పిల్లకు ఉందా లేదా?

రెండు రాష్ట్రాలూ ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో అచ్చువేసిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చాయి. తెలిసో తెలియకో ఇది జకొతో ‘తెలెమాక్’ పద్ధతే. చాలా మంచి అడుగు. కానీ ఎదురు పేజీలో ఉన్నది తాత్పర్యం. మాట కింద మాట లేదు. ఆ పనిని తరగతిలో ఉపాధ్యాయుడూ పిల్లలూ కలిసి చేసుకోవాలి. మరోపక్క తరగతిలో తెలుగు మాట వినపడితే జరిమానా వేసే ప్రైవేటు బడులు మన ఊళ్ళల్లో ఉన్నాయి. తెరమీద పరాయి గొంతు వినపడకూడదన్నాడు ముసోలినీ. ఇక్కడ తరగతిలో సొంత గొంతు వినపడకూడదంటున్నారు. రెండింటికీ భయం ఒక్కటే. రెండు భాషలు పక్కపక్కన నిలబడితే నేర్చేవాడు పోల్చి చూస్తాడు. పోల్చేవాడు ప్రశ్నిస్తాడు.

పోల్చి చూడడమంటే ఏమిటో నా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. ఒక ఇంగ్లీషు చిత్రంలోని సంభాషణ పిల్లలకు రెండు మూడుసార్లు వినిపించి, విన్నదాన్ని నల్లబల్ల మీద తెలుగు లిపిలో రాయించాను. కింద వాళ్ళనే అర్థాలు రాయమన్నాను. ‘డు యు నో’ అనే దగ్గర ఆగిపోయారు. ‘యు’ కింద నీకు, ‘నో’ కింద తెలుసు. ‘డు’ కింద ఏం రాయాలి? ఖాళీగా వదిలేశారు. కాసేపటికి వెనక బల్ల మీంచి ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, మనం తెలుసా అంటాం కదా, ఆ చివరి ‘ఆ’ రాయండి దాని కింద” అంది. మనం ప్రశ్నను వాక్యం చివర పెడతాం, వాళ్ళు మొదట పెడతారు. వ్యాకరణ పుస్తకం ఒక అధ్యాయంలో చెప్పేదాన్ని ఆ పిల్ల రెండు వరుసల మధ్య ఖాళీలో కనిపెట్టింది. ఆమె ఇంట్లో తల్లిదండ్రులకు సంతకం చేయడం రాదు. ఆ పిల్లకు ఇంగ్లీషు ఎంత తెలిసిందో, తెలుగు అంతకన్నా ఎక్కువ తెలిసింది.

ఈ పద్ధతికి హద్దులు ఉన్నాయి. మాటకు మాట అతుకులేసిన వాక్యం తెలుగు కాదు. దాన్నే తెలుగనుకుంటే మన వార్తాపత్రికల అనువాదాల్లా తయారవుతాం. చూడడం, వినడం, చదవడం వల్ల అర్థం చేసుకునే శక్తి వస్తుంది గానీ, మాట్లాడడానికి మనిషి ఎదురుగా ఉండాలి. ప్రతిపదార్థం నిచ్చెన. ఎక్కాక కూడా దాన్ని భుజాన మోసుకు తిరగకూడదు. అందుకే అది తాత్పర్యం కన్నా నిజాయితీ అయినది. తన అవసరం ఎప్పుడు తీరిపోతుందో అది ముందే చెబుతుంది.

ప్రగతిశీల సాహిత్య సంస్థలు దశాబ్దాలుగా ప్రపంచ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చాయి. ఆ పుస్తకాలు మనకు తాత్పర్యం ఇచ్చాయి, అందుకు మనం ఎప్పటికీ ఋణపడి ఉంటాం. ఇక రెండో పని చేపట్టాలి. ఒక మంచి ఇరాన్ చిత్రాన్నో, ఒక క్యూబా చిత్రాన్నో తీసుకుని, ఇంగ్లీషు గుమ్మం తొక్కకుండా, మాట కింద తెలుగు మాట కూర్చగలమా? అనుమతి సంపాదించాలి, భాష తెలిసినవాళ్ళు కావాలి, పదిమంది శ్రమ కావాలి. పది నిమిషాల చిత్రంతో మొదలుపెట్టినా చాలు. ఊరి బడి గోడ మీద దాన్ని ఆడించిన రోజున, ఏ దుబాసీ లేకుండా ఒక పరాయి మనిషి గొంతు మన పిల్లలు నేరుగా వింటారు.